తెల్ల సొరచేపను పంజరంలోంచి చూడడం: మొదటిసారి వెళ్ళేవారికి సమగ్ర మార్గదర్శి

గ్రేట్ వైట్ షార్క్ అని ప్రపంచమంతా పిలిచే తెల్ల సొరచేపను, అది స్వేచ్ఛగా తిరిగే సముద్రంలోనే, రెండు మూడు అడుగుల దూరం నుంచి చూడాలనుకునే సామాన్య యాత్రికుడికి ఉన్న నమ్మకమైన మార్గం ఉక్కు పంజరం. ఈత పోటీలలో నెగ్గినవారో, డైవింగ్ ధ్రువపత్రం ఉన్నవారో మాత్రమే దీనికి అర్హులనే అభిప్రాయం చాలామందిలో ఉంది, కానీ అది నిజం కాదు. చాలా చోట్ల పంజరాన్ని పడవ పక్కకు కట్టి, పై భాగం నీటి మట్టానికి కొంచెం ఎత్తులో ఉండేలా తేలనిస్తారు. మీరు అందులో నిలబడి, సొర దగ్గరకు వచ్చినప్పుడు ఊపిరి బిగబట్టి తల ముంచితే చాలు. ఈ యాత్ర చెడిపోవడానికి సొరచేప కారణం కావడం చాలా అరుదు. చలిని తక్కువగా అంచనా వేయడం, కడుపులో తిప్పడం, తప్పు నెలలో తప్పు రేవుకు వెళ్ళడం, ప్రకటనను నమ్మి ప్రశ్నలు అడగకపోవడం, ఈ నాలుగే ఎక్కువమందిని నిరాశపరుస్తాయి. అందుచేత ఈ వ్యాసంలో పంజరంలో గడిపే ఇరవై ముప్పై నిమిషాలకంటే దానికి ముందు చేయవలసిన ఏర్పాట్లకే ఎక్కువ చోటు ఇచ్చాను.

ఈ పద్ధతి మొదలైన తీరు కూడా తెలుసుకోదగినది. 1963లో దక్షిణ ఆస్ట్రేలియాలోని ఆల్డింగా తీరంలో ఈటెతో చేపలు వేటాడే పోటీలో పాల్గొంటున్న రాడ్నీ ఫాక్స్ అనే యువకుణ్ణి తెల్ల సొర కరిచి దాదాపు చంపినంత పని చేసింది. వందల కుట్లతో బతికి బయటపడిన ఆయన, ఆ తరువాత అదే జీవిని సురక్షితంగా దగ్గర నుంచి చూడడానికి పంజరాన్ని రూపొందించి, జీవితమంతా దాని సంరక్షణ కోసమే మాట్లాడారు.

మొదట చోటును ఎంచుకోండి

అన్నిటికంటే ఎక్కువ సమయం ఇక్కడే వెచ్చించాలి, ఎందుకంటే పదేళ్ళ కిందటి సమాచారం ఈ విషయంలో దాదాపు పనికిరాదు.

దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్‌కు ఆగ్నేయంగా, రోడ్డు మీద రెండు రెండున్నర గంటల దూరంలో ఉన్న గాన్స్‌బాయి ఒకప్పుడు తెల్ల సొరల రాజధానిగా పేరు పొందింది. అక్కడి క్లైన్‌బాయి అనే చిన్న రేవు నుంచి పడవలు బయలుదేరి, డయర్ ద్వీపానికీ, వేలాది సీల్ జంతువులు నివసించే గీజర్ రాక్‌కూ మధ్యనున్న షార్క్ ఆలీ అనే ఇరుకైన పాయ చుట్టుపక్కలకు వెళ్ళేవి. 2017లో ఆ తీరానికి తెల్ల సొరల కళేబరాలు కొట్టుకొచ్చాయి; వాటిలో చాలావాటికి కాలేయం లేదు. వెన్ను రెక్క ఒకదానికి ఎడమకూ, మరొకదానికి కుడికీ ఒరిగి ఉన్నందువల్ల, నావికుల భాషలో ఎడమ, కుడి అని అర్థమిచ్చే పోర్ట్, స్టార్‌బోర్డ్ అనే పేర్లు పొందిన రెండు ఓర్కాలు (కిల్లర్ వేల్ అని కూడా పిలిచే పెద్ద సముద్ర జంతువులు), నూనెతో నిండిన ఆ కాలేయం కోసమే సొరలను చంపుతున్నాయని తేలింది. ఓర్కా ఒక్కసారి కనబడితే మిగిలిన తెల్ల సొరలు వారాలు, నెలల తరబడి ఆ ప్రాంతం వదిలి వెళ్ళిపోతాయి. సీల్‌ను పట్టడానికి తెల్ల సొర నీళ్ళలోంచి పూర్తిగా గాలిలోకి ఎగిరే దృశ్యానికి ప్రసిద్ధి చెందిన ఫాల్స్ బే నుంచి కూడా అవి దాదాపుగా కనుమరుగయ్యాయి. దీనికి ఓర్కాలు ఎంత కారణం, చిన్న సొరలను గాలాల వరుసలతో పట్టే చేపలవేట ఎంత కారణం అన్న విషయంలో శాస్త్రజ్ఞుల మధ్య ఇంకా వాదం నడుస్తోంది. యాత్రికుడికి దీనివల్ల తేలేదేమిటంటే, గాన్స్‌బాయిలో నేడు పంజరం దగ్గరకు ఎక్కువగా వచ్చేది బ్రాంజ్ వేలర్ అనే రాగి రంగు సొర. చురుకైన, అందమైన జీవి అది, కానీ మీరు వెతుక్కుంటూ వచ్చినది అది కాకపోవచ్చు. అదే దేశంలో ఇంకా తూర్పున ఉన్న మోసెల్ బేలో తెల్ల సొరలను చూసే అవకాశం మెరుగు, అయితే 2023లో అక్కడా స్టార్‌బోర్డ్ ఒక్కటే, రెండు నిమిషాలలోపు, ఒక పిల్ల తెల్ల సొరను చంపింది కాబట్టి ఏ చోటూ శాశ్వతమని అనుకోకూడదు.

మెక్సికోకు చెందిన గ్వాడలూప్ ద్వీపం గురించి పాత వ్యాసాలలో గొప్పగా చదివే ఉంటారు. నీలి గాజులాంటి నీటిలో ముప్పై మీటర్ల దూరం వరకు కనబడే ఆ చోటును 2023 జనవరిలో మెక్సికో ప్రభుత్వం సొరచేపల పర్యాటకానికి పూర్తిగా మూసివేసింది. అక్కడికి తీసుకువెళ్తామని ఎవరైనా ఇప్పటికీ డబ్బు అడిగితే ఆ మాటల దగ్గరే ఆగిపోవాలి.

తెల్ల సొరను చూడడమే లక్ష్యమైతే, నా దృష్టిలో నేడు అందరికంటే ముందు చెప్పవలసిన చోటు దక్షిణ ఆస్ట్రేలియాలోని నెప్ట్యూన్ దీవులు. పోర్ట్ లింకన్ రేవు నుంచి సుమారు 70 కిలోమీటర్ల దూరం, పడవలో రెండున్నర నుంచి మూడు గంటల ప్రయాణం. ఆస్ట్రేలియాలో ఈ పంజరపు యాత్రకు అనుమతి ఉన్నది ఇక్కడే. అనుమతి పొందిన సంస్థలు వేళ్ళమీద లెక్కపెట్టగలిగినన్నే ఉంటాయి, ఏడాది పొడవునా యాత్రలు నడుస్తాయి, సీల్ పిల్లలు నీళ్ళలోకి దిగే చలికాలంలో పెద్ద ఆడ సొరలు కూడా వస్తాయి. నాలుగు మీటర్ల మగ సొరను చూసి ఇంతకంటే పెద్దది ఉండదనుకున్నవారు, పీపాలాంటి కడుపుతో అయిదు మీటర్ల ఆడ సొర వచ్చినప్పుడు మాట లేకుండా ఉండిపోతారు.

నెల, రోజులు

దక్షిణార్ధగోళంలో చలికాలమైన మే నుంచి సెప్టెంబరు వరకు సాధారణంగా అనుకూలమని చెబుతారు. చలికాలంలో నీరు తేటగా ఉంటుంది, సీల్ కాలనీల దగ్గర సొరల రాకపోకలు పెరుగుతాయి. అయితే తుఫాను గాలులు కూడా ఆ నెలల్లోనే ఎక్కువ. అందుచేత ఒకే ఒక్క రోజు కేటాయించుకుని తెల్లవారే విమానం ఎక్కేలా ప్రణాళిక వేసుకోవడం తప్పు. రేవులో కనీసం మూడు రోజులు ఉండేలా చూసుకుని, మొదటి రోజుకే పడవను బుక్ చేసుకోండి. గాలి వల్ల ఆ రోజు యాత్ర రద్దయితే రెండో రోజు, అదీ పోతే మూడో రోజు మిగిలి ఉంటాయి. వాతావరణం బాగా లేదని యాత్రను రద్దు చేసే సరంగు మీకు మేలు చేస్తున్నాడని గుర్తుంచుకోవాలి.

నిర్వాహకుణ్ణి ప్రశ్నించండి

డబ్బు చెల్లించకముందే ఉత్తరం ద్వారానో ఫోన్‌లోనో కొన్ని సంగతులు తేల్చుకోవాలి. మొదటి ప్రశ్న సూటిగా ఉండాలి: గడచిన ముప్పై రోజులలో ఎన్ని యాత్రలలో తెల్ల సొర కనబడింది, ఎన్నిటిలో వేరే జాతి సొర కనబడింది? మంచి సంస్థలు ప్రతి యాత్ర తరువాత ఆ రోజు చూసినవాటిని నమోదు చేసి బహిరంగంగా ఉంచుతాయి. కేవలం సొరచేపలు తప్పక కనబడతాయి అని జాతి పేరు ఎత్తకుండా జవాబిచ్చేవారి విషయంలో జాగ్రత్తగా ఉండండి.

రెండవది ప్రభుత్వ అనుమతి. దక్షిణాఫ్రికా 1991లోనే తెల్ల సొరకు చట్టరక్షణ కల్పించింది, ప్రపంచంలో ఆ పని చేసిన మొదటి దేశం అదే. అక్కడైనా ఆస్ట్రేలియాలోనైనా అనుమతి పత్రం లేకుండా ఈ వ్యాపారం చేయడం నేరం, కాబట్టి ఆ పత్రం గురించి అడగడానికి మొహమాటపడనవసరం లేదు.

మూడవది ఎర. చేపనూనె, నలగ్గొట్టిన చేపముక్కలు కలిపి నీళ్ళలో వదిలే చమ్ అనే మిశ్రమంతో వాసన దారి ఏర్పడుతుంది. తాడు చివర ట్యూనా తలకాయనో, సీల్ ఆకారంలో కోసిన చెక్కనో కట్టి సొర దృష్టిని ఆకర్షిస్తారు. సొరకు ఆ ఎర దక్కనీయకుండా లాగేయడం నియమం. దాన్ని నేరుగా పంజరం ఊచలవైపు లాగి సొరను గుద్దుకునేలా చేయడం మంచి ఛాయాచిత్రాల కోసం కొందరు చేసే చెడ్డపని. తన ఎరను వెంటాడుతూ వేగంగా వచ్చే సొర వెనక్కి ఈదలేదు, ఆ శక్తి దాని శరీరానికి లేదు. అందువల్ల ముక్కు ఊచల మధ్య దూరితే ముందుకే తోసుకుంటుంది. గ్వాడలూప్‌లో 2016లో ఒక సొర ఇలాగే పంజరంలోకి దూసుకువచ్చింది. లోపలున్న మనిషికి ప్రాణహాని తప్పింది. 2019లో మరొకటి తల ఇరుక్కుని చనిపోయింది. అందుకే ఊచల మధ్య ఖాళీ ఎంత, చూపుకోసం వదిలిన సందు ఎంత వెడల్పు, ఎరను ఎటునుంచి ఎటు లాగుతారు అని అడగండి. నెప్ట్యూన్ దీవులలో ఎర అసలు వాడకుండా, నీళ్ళలో సంగీతం, శబ్దాలు వినిపించి సొరలను రప్పించే సంస్థ కూడా ఉంది. ఎర విషయంలో మనసు ఒప్పనివారికి అది సరైన దారి.

చివరగా, పంజరంలో ఒక విడతకు ఎంతమంది, పడవ మీద మొత్తం ఎంతమంది, సొర కనబడకపోతే డబ్బు తిరిగి ఇస్తారా లేక మరోసారి రావడానికి చీటీ ఇస్తారా అన్నవి రాతపూర్వకంగా తీసుకోండి. దూరదేశం నుంచి వచ్చినవారికి మరోసారి రమ్మనే చీటీ వల్ల ప్రయోజనం అంతంత మాత్రమే.

శరీరాన్ని సిద్ధం చేసుకోండి

ఉబ్బసం, గుండెజబ్బు, మూర్ఛ, ఇటీవలి శస్త్రచికిత్స ఉన్నవారు, గర్భిణులు వైద్యుణ్ణి అడగకుండా నిర్ణయం తీసుకోకూడదు. అసలు ఈత రానివారిని కూడా చాలా సంస్థలు తీసుకువెళ్తాయి గాని, నడుములోతు కొలనులో కళ్ళనూ ముక్కునూ కప్పే ఈత మాస్క్ పెట్టుకుని ముఖం ముంచి ఇరవై సెకన్లు ప్రశాంతంగా ఉండగలగడం ముందుగా అభ్యసించి వెళ్ళడం మంచిది. పంజరంలో భయం కలిగేది చాలావరకు సొరను చూసి కాదు, మాస్క్‌లోకి చల్లటి నీరు దూరి ముక్కుకు తగిలినప్పుడు.

అసలు శత్రువు కడుపులో తిప్పడం. లంగరు వేసి నిలిచిన పడవ, నడిచే పడవకంటే ఎక్కువగా ఊగుతుంది. పైగా చమ్ వాసన గాలిలో ఉంటుంది. సముద్రప్రయాణపు వాంతులకు వైద్యుడు సూచించిన మాత్రను బయలుదేరడానికి కనీసం ఒక గంట ముందు వేసుకోండి, పడవ ఊగడం మొదలయ్యాక వేసుకుంటే ఫలితం ఉండదు. మొదటిసారి వాడేవారు దానివల్ల మగత వస్తుందేమో ఇంటి దగ్గరే చూసుకోవాలి. ముందు రాత్రి మద్యం ముట్టవద్దు, నూనె పదార్థాలు మానండి, అలాగని ఖాళీ కడుపుతో కూడా ఎక్కవద్దు. పడవలో వెనుకభాగాన, మధ్యకు దగ్గరగా కూర్చుని చూపును దిగంతరేఖ మీద నిలపండి. ఫోన్ తెర వైపు చూడడం మొదలుపెడితే పది నిమిషాలలో వికారం వస్తుంది.

వెంట తీసుకువెళ్ళవలసినవి ఎక్కువేమీ లేవు: ఈత దుస్తులు, రెండు తువాళ్ళు, గాలికి అడ్డుపడే కోటు, ఉన్ని టోపీ, మార్చుకోవడానికి పొడి బట్టలు. మీసం ఉన్నవారికి మాస్క్ అంచు సరిగా అతుక్కోదు, కొద్దిగా నీరు కారుతుందని ముందే తెలుసుకుంటే కంగారు ఉండదు. కళ్ళద్దాలు పెట్టుకునేవారు పవర్ ఉన్న మాస్క్ దొరుకుతుందేమో అడగాలి.

రేవు నుంచి లంగరు వరకు

తెల్లవారుజామున సంస్థ కార్యాలయంలో పేర్లు నమోదు చేసి, బాధ్యత మీదేనని రాసి ఉన్న పత్రం మీద సంతకం తీసుకుంటారు. దాన్ని చదివి సంతకం చేయండి. ఆ తరువాత ఇచ్చే సూచనలను మొదటి మాట నుంచి వినాలి. లైఫ్ జాకెట్ ఎక్కడుంది, ఎలా కట్టుకోవాలి అన్నది స్వయంగా తాకి చూసుకోండి. ఇలా చెప్పడానికి బలమైన కారణముంది: 2008 ఏప్రిల్‌లో గాన్స్‌బాయి దగ్గర లంగరు వేసి ఉన్న పంజరపు పడవను ఒక పెద్ద కెరటం తిరగవేసినప్పుడు ముగ్గురు పర్యాటకులు మరణించారు. ఈ యాత్రలో ప్రాణానికి ఉన్న అసలు ముప్పు సొరనుంచి కాదు, సముద్రం నుంచి.

లంగరు పడిన తరువాత నిరీక్షణ మొదలవుతుంది. నూనె పొర నీటిమీద సన్నని నునుపైన బాటలా ప్రవాహం వెంట సాగిపోతుంది. మొదటి సొర అరగంటకు రావచ్చు, మూడు గంటలకు రావచ్చు, రాకపోవచ్చు. ఈ సమయంలో పడవ పైఅంతస్తు నుంచి చూస్తే, నీటి అడుగున నీడ ఒకటి మందంగా కదలడం, తర్వాత దాని అంచులు స్పష్టమై రూపం రావడం కనిపిస్తాయి. పై నుంచి బూడిదరంగు వీపు అడుగు నేలరంగులో కలిసిపోతుంది, కింద నుంచి తెల్లటి పొట్ట ఆకాశపు వెలుతురులో కలిసిపోతుంది. ఇంత పెద్ద శరీరం ఇంత సులువుగా ఎలా కనుమరుగవుతుందో పడవ పైనుంచి చూసినంత బాగా పంజరంలోంచి అర్థం కాదు. కాబట్టి తోపులాడి మొదటి విడతలో దిగడానికి తొందరపడవద్దు. మొదటి విడతలో సొర తరచు దూరంగానే తిరుగుతూ పరీక్షిస్తుంది.

వెట్‌సూట్, పంజరంలోకి దిగడం

నీటి ఉష్ణోగ్రత 12 నుంచి 18 డిగ్రీల మధ్య ఉండడం ఈ చోట్ల సర్వసాధారణం. అయిదు నుంచి ఏడు మిల్లీమీటర్ల మందం గల వెట్‌సూట్ (ఒంటిని అంటిపెట్టుకుని చలి నుంచి కాపాడే రబ్బరులాంటి దుస్తు), బూట్లు, తలకు ముసుగు ఇస్తారు. జిప్ వీపు వైపు ఉండాలి. మెడ దగ్గర ఊపిరాడనంత బిగుతు ఉంటే సిగ్గుపడకుండా మార్చమని అడగండి. దిగిన మొదటి క్షణంలో మెడ వెనుక నుంచి వెన్నెముక వెంట చల్లటి నీరు సన్నగా జారుతుంది, ఊపిరి తనంతట తానే ఎగపోస్తుంది. ఆ సమయంలో ఏమీ చేయకుండా ఊచ పట్టుకుని నిలబడి, నెమ్మదిగా ఊపిరి వదలడం మీద మనసు పెట్టండి. ఒకటి రెండు నిమిషాలలో సూట్ లోపలి నీరు మీ ఒంటి వేడికి వెచ్చబడి ఊపిరి సర్దుకుంటుంది.

వెట్‌సూట్ మిమ్మల్ని పైకి తేలుస్తుంది కాబట్టి నడుముకో భుజాలకో సీసపు బరువులు కడతారు. నెప్ట్యూన్ దీవుల వంటి చోట్ల పడవ నుంచి గొట్టం ద్వారా గాలి అందిస్తారు. అలాంటి గాలి పీలుస్తున్నప్పుడు ఊపిరి ఎన్నడూ బిగబట్టి పైకి రాకూడదు, నిరంతరం పీల్చి వదులుతూ ఉండాలి. తలను మాత్రమే ముంచే పద్ధతిలో ఈ నియమం లేదు. సముద్రపు అడుగుకు దించే పంజరంలోకి వెళ్ళాలంటే మాత్రం స్కూబా (గాలి సిలిండరు వీపున కట్టుకుని నీటి అడుగుకు వెళ్ళే పద్ధతి) ధ్రువపత్రం తప్పనిసరి.

పంజరంలో

లోపలివైపు, పాదాలు దూర్చుకోవడానికి కింద ఒక కడ్డీ, చేతులు పట్టుకోవడానికి ఎదురుగా ఒక కడ్డీ ఉంటాయి. చేయి ఎప్పుడూ ఆ లోపలి కడ్డీ మీదే ఉండాలి. బయటి ఊచను పట్టుకున్న వేళ్ళు పంజరం బయట ఉన్నట్టే లెక్క. కెరటం వచ్చి పంజరం ఊగినప్పుడు అప్రయత్నంగా బయటి ఊచను పట్టుకుంటాం, అందుకే దిగగానే రెండు మూడుసార్లు కళ్ళు మూసుకుని లోపలి కడ్డీని వెతికి పట్టుకోవడం అభ్యసించండి. పాదాలను కూడా ఇదే విధంగా లోపలే ఉంచాలి.

పైనున్నవారు ఎడమ, కుడి అని దిక్కు చెప్పి, డౌన్ అని కేకవేయగానే ఊపిరి తీసుకుని కిందికి వంగండి. ఎర వైపు చూడకండి. ఎర వెనుక, కొంచెం కిందుగా, నీలిరంగు చీకటిగా మారే చోట చూపు నిలపండి. సొర వచ్చేది అక్కడినుంచే. మొదట కనబడేది పళ్ళు కాదు, శంఖంలాంటి ముక్కు, దాని మీద చుక్కలు చుక్కలుగా ఉన్న రంధ్రాలు. అవి ఇతర జీవుల శరీరాలలోని సూక్ష్మమైన విద్యుత్తును పసిగట్టే ఇంద్రియాలు. ఉప్పునీటిలో ఉక్కు కూడా బలహీనమైన విద్యుత్ క్షేత్రం కలిగిస్తుంది కాబట్టి కొన్నిసార్లు సొర ఎరను వదిలి పంజరాన్నే ముక్కుతో తడుముతుంది, ఊచను మెత్తగా కొరికి చూస్తుంది. ఇది మీ మీద కోపం కాదు, విచారణ. ఆ సమయంలో ఊచల నుంచి ఒక అడుగు వెనక్కి జరిగి కదలకుండా ఉండండి. కొరకడానికి ముందు దాని కన్ను వెనక్కి తిరిగి తెల్లబడుతుంది. ఈ సొరకు కంటిని కప్పే పొర లేదు, కనుక గుడ్డును తిప్పుకుని కాపాడుకుంటుంది. అయితే అది నింపాదిగా పక్కనుంచి వెళ్ళేటప్పుడు చూడండి: దూరం నుంచి నల్లటి బొత్తాములా కనబడిన కన్ను దగ్గరకు వచ్చేసరికి ముదురు నీలంగా ఉంటుంది, పంజరం పొడవునా మిమ్మల్ని ఒక్కొక్కరినే చూస్తూ కదులుతుంది. ఆ చూపును చూడడానికే ఇంత దూరం వచ్చారు కనుక కెమెరా తెర మీద కాకుండా కంటితోనే చూడండి.

కెమెరా తీసుకువెళ్తే మణికట్టుకు తాడుతో కట్టుకోండి, వెడల్పు కటకం పెట్టి వీడియో నడుస్తూ ఉండనివ్వండి. ఫ్లాష్ వాడితే నీళ్ళలోని చేపతునకలన్నీ మంచు కురిసినట్టు మెరిసి చిత్రం పాడవుతుంది. పొడవాటి కర్రకు కెమెరా కట్టి ఊచల బయటికి చాచడం నిషిద్ధం. పక్కనున్నవారు మీ మీద ఆధారపడి నిలబడి ఉంటారు కాబట్టి మీ మోచేతుల విషయంలోనూ జాగ్రత్త అవసరం.

వణుకు ఆగకపోయినా, వేళ్ళకు స్పర్శ తెలియకపోయినా, భయం అదుపు తప్పుతున్నా తల పైకెత్తి పడవ మీదివారికి స్పష్టంగా చెప్పి బయటికి రండి. సొర పంజరం పక్కనే ఉన్నప్పుడు మాత్రం పై మూత మీదినుంచి ఎక్కే ప్రయత్నం చేయకుండా, సిబ్బంది చెప్పేదాకా లోపలే ఉండాలి.

బయటికి వచ్చాక

వెంటనే తలను తుడుచుకుని టోపీ పెట్టుకోండి, పొడి బట్టల్లోకి మారండి, వెచ్చటి పానీయం తాగండి. ఊపిరి బిగబట్టి పైపైన మునిగినవారికి విమానప్రయాణానికి ఏ అడ్డూ లేదు. సముద్రపు అడుగుకు స్కూబాతో వెళ్ళినవారు ఒక్క డైవ్ తరువాత కనీసం 12 గంటలు, అంతకంటే ఎక్కువసార్లు దిగితే 18 గంటలు ఆగి విమానం ఎక్కాలి.

ఆ రోజు రాత్రి మీ చిత్రాలను సరిచూసుకునేటప్పుడు వెన్ను రెక్క వెనుక అంచు స్పష్టంగా పడినవాటిని వేరుగా పెట్టండి. ఆ అంచు మీద ఉండే గంట్లు, చీలికలు ఒక్కో సొరకు ఒక్కో తీరుగా ఉంటాయి, పరిశోధకులు వాటి ఆధారంగానే ఏ సొర ఎప్పుడు తిరిగి వచ్చిందో లెక్కగడతారు. మగది సుమారు 26 ఏళ్ళకు, ఆడది 33 ఏళ్ళకు గాని సంతానయోగ్యం కాని ఈ జాతిలో ఒక్కో సొర లెక్క ముఖ్యమైనదే. తేదీ, సమయం, చోటు రాసి ఆ చిత్రాలను పడవ సిబ్బందికి ఇచ్చి రండి.